కోదాడలో ఏడుగురి ఆట

సూర్యాపేటలోని "మా ఆట" ట్రస్టు కార్యదర్శి నాగరాణి ఆ ఆదివారం పొద్దున్నే ఒక పట్టు పట్టింది. ఇవాళ కోదాడలో తమవాళ్ళ నాట్యం ఇరవై నిమిషాలూ పూర్తిగా జరగాల్సిందే! వాళ్ళు ఏడుగురు కళాకారులు. అక్షరాలూ లెక్కలూ పట్టుబడడానికి అందరికన్నా ఎక్కువ కాలం పడుతుంది గానీ, అడుగు ఒక్కసారి పట్టుబడిందంటే ఇక మరిచిపోరు. ఇప్పటిదాకా పిలిచిన ప్రతిచోటా ఐదు నిమిషాలు ఆడనిచ్చి, శాలువా కప్పి, అరటిపండు చేతిలో పెట్టి, "పాపం" అని పంపించేశారు. ఆ పాపం అన్న మాట వింటే నాగరాణికి ఒళ్ళు మండిపోతుంది.

ఈసారి పిలిచిన కోదాడ క్లబ్బుతో ఫోన్లో మాట్లాడింది ట్రస్టు చైర్మన్ భిక్షపతి. రిటైరైన బస్సు కండక్టరు కదా, మాట టికెట్టంత పొట్టిగా ఉంటుంది. "మావోళ్ళు ఏడుగురు. ఆట ఆడుతరు. పదకొండింటికి దిగుతం" అని పెట్టేశాడు. బతుకమ్మ ఆడే ఊళ్ళో ఆటంటే నాట్యమేనని వేరే చెప్పాలా మరి?

కోదాడలో చెప్పాల్సి వచ్చింది. వ్యాను దిగగానే ఒకాయన అందర్నీ బరువు తూచే మిషను ఎక్కించాడు. కాశీరాంకు అది తెగ నచ్చి మూడుసార్లు ఎక్కాడు. ఇంకొకాయన అంకెలున్న బనియన్లు పంచి, గజ్జెలు తగిలితే దెబ్బలు, విప్పేయమన్నాడు. ఎవరూ విప్పలేదు. మైదానంలో సున్నపు గీతలు, అవతల పాలకీడు కబడ్డీ జట్టు తొడలు చరుస్తోంది.

"ఇదేందన్నా?" నాగరాణి భిక్షపతి వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు.

క్లబ్బు కార్యదర్శి భాస్కర్ పరుగున వచ్చాడు. "ఆటన్నారు, ఏడుగురన్నారు. కబడ్డీ కాక ఇంకేంటండీ?"

"డాన్సు సార్, డాన్సు!"

భాస్కర్ ఏడుగురినీ తేరిపార చూశాడు. మొహంలో జాలి పొంగింది. "అయ్యో, ముందే చెప్పొద్దా అండీ? పాపం, వీళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకు? శాలువాలు తెప్పిస్తాను. ఫోటో దిగి వెళ్దురుగాని."

"తప్పు నాదే. పోదాం పా చెల్లె" అన్నాడు భిక్షపతి.

నాగరాణికి కళ్ళు చెమర్చాయి. ఇంతమందిలో ఎవరైనా నవ్వితే తమవాళ్ళు తట్టుకోగలరా? "వ్యాను ఎక్కుండ్రి" అంది.

ఏడుగురిలో పెద్దదైన నీరజ కదల్లేదు. ఆమె నాట్యకత్తె మాత్రమే కాదు, నాగరాణి, భిక్షపతిలతో పాటు ట్రస్టులో మూడో ట్రస్టీ కూడా.

"అక్కా, నేను గూడ ట్రస్టీనే గదా?"

"అవును నీరజా."

"మరి నన్నడగకుంట పోదామంటవేంది? చేతులెత్తుండ్రి. నేను ఆడుదామంటున్న."

నీరజ చెయ్యి లేచింది. లోకమంతా అనే ఆ "పాపం" అన్న మాటే తన నోట ఇంకో రూపంలో వచ్చిందని తెలిసి నాగరాణికి సిగ్గేసింది. ఆమె చెయ్యీ లేచింది. రెండు ఓట్లు పడ్డాక చేసేదేముంది, భిక్షపతి కూడా ఎత్తాడు.

ఏడుగురూ గజ్జెలు ఘల్లుమనిపిస్తూ కోర్టులోకి దిగారు. ఇది డాన్సని తనకెవరూ చెప్పకపోవడంతో రిఫరీ విజిల్ ఊదేశాడు. పాలకీడు ఆటగాడు భీమ్లా "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ" అంటూ కూతకొచ్చాడు.

"తాళం మంచిగుంది" అంది నీరజ, అడుగు వేస్తూ.

ఏడుగురూ చేతులు పట్టుకుని భీమ్లా చుట్టూ తిరిగారు. అతడు ఎటు జరిగితే వలయం అటే జరిగింది. భీమ్లాకు నవ్వాగలేదు, కూత తెగింది. "ఔట్!" అన్నాడు రిఫరీ. తర్వాత వచ్చిన ఇద్దరికీ అదే గతి పట్టింది. ఇక లాభం లేదని మిగతా పాలకీడు వాళ్ళు తమ వైపే నిలబడి, చప్పట్లు కొడుతూ తాళానికి కబడ్డీ అందుకున్నారు. జనం ఒక్కరూ కూర్చోలేదు.

పదో నిమిషంలో భాస్కర్ శాలువాలతో కోర్టులోకి వచ్చేశాడు. "చాలండి, చాలు. పాపం, అలసిపోయుంటారు..."

నీరజ ఆగకుండానే అంది. "ఆట అయిపోలే. కూసో సారూ!"

భాస్కర్ నాగరాణి వైపు చూశాడు. ఆమె నిబ్బరంగా చేతులు కట్టుకుంది. "ట్రస్టీ చెప్పింది గదా సార్. కూసోండ్రి."

కోర్టులో కుర్చీ లేక భాస్కర్ శాలువాలు ఒళ్ళో పెట్టుకుని సున్నపు గీత మీదే కూర్చున్నాడు. ఇరవై నిమిషాలూ పూర్తయ్యాయి.

గీత దాటినందుకు రిఫరీ భాస్కర్‌ను కూడా ఔటని రాసుకున్నాడు.