పదో చెట్టు

అడవుల శాఖ మంత్రిగారు బల్ల గుద్ది మరీ ప్రకటించారు. "ఇక మీదట ఒక్క కొమ్మ విరిగినా ఊరుకునేది లేదు! అడవి అంటే ఏమిటో చట్టంలో తేటతెల్లంగా రాయించాం. తనిఖీ రోజున ఒకేచోట పది చెట్లు నిలబడి ఉంటే అది అడవి. అంతే!"

బల్ల అసలు సిసలు టేకుది కాబట్టి చప్పుడు గంభీరంగా వచ్చింది.

కొండ కింద చెక్‌పోస్టులో రేడియో వింటున్న గార్డుకు ప్రాణం లేచొచ్చింది. ఆ కొండను ఇరవై రెండేళ్లు కంటికి రెప్పలా కాచినవాడు. కిందటి నెల నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి కలప కాంట్రాక్టరు కొండను నున్నగా గొరిగేశాడు. ఆఖరి లారీని మాత్రం గార్డు పట్టుకున్నాడు. ఈ చట్టంతో వాడికి జైలు ఖాయమనుకున్నాడు.

ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మొదళ్ల మధ్య నడిచి కళ్లజోడు సర్దుకున్నాడు.

"చెట్లేవయ్యా?"

"నరికేశారు కద్సార్! కేసే అది."

"అంటే లేవు. లేవంటే ఇది అడవి కాదు. అడవే కానిచోట అడవినెలా నరుకుతారు?"

"లారీ నిండా దుంగలున్నాయి సార్!"

"నిలబడి ఉన్నాయా, పడుకుని ఉన్నాయా?"

కాంట్రాక్టరు వచ్చి గార్డు భుజం తట్టాడు. "చట్టం చట్టమే తమ్ముడూ. నన్ను చూడు, ఎంత బుద్ధిగా తలొంచానో."

నరికివేత సున్నా, దానివల్ల గాలిలో కలిసే కర్బనమూ సున్నా అని రిపోర్టు పోయింది. మంత్రిగారికి సన్మానం జరిగింది.

అడవి లేనిచోట గార్డెందుకన్నారు. గార్డు మంత్రిగారి కాళ్లావేళ్లా పడ్డాడు. "ఇద్దరాడపిల్లలు చదువుకుంటున్నారు బాబూ!"

మంత్రిగారిది వెన్నలాంటి మనసు. ఆయన వరండాలో వరసగా పది కుండీలున్నాయి. "చట్టం మనింటి నుంచే మొదలవ్వాలి" అంటూ వాటినే అడవిగా గెజిట్లో వేయించి, గార్డును కాపలా పెట్టారు.

మూణ్ణెల్లకు మళ్లీ తనిఖీ. ఆ ఉదయం చూసుకుంటే చివరి కుండీలో మొక్క ఎండిపోయి పక్కకు ఒరిగిపోయి ఉంది. మిగిలినవి తొమ్మిదే. అప్పటికే గేటు దగ్గర జీపు ఆగింది. గార్డు గబగబా ఆ కుండీని బెంచీ కిందికి తోసేసి, ఆ జాగాలో కాళ్లు దగ్గరికి చేర్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఆఫీసరు వేలు చూపిస్తూ వచ్చాడు. "ఎనిమిది... తొమ్మిది..."

గార్డు ముందు ఆగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"పది" అని రాసుకున్నాడు.

మంత్రిగారి కోసం వచ్చి మెట్ల మీద నిలుచున్న కాంట్రాక్టరు, గార్డును కింది నుంచి పైదాకా ఓసారి చూశాడు.

"ఈ చివరిదానికి పర్మిషన్ ఎప్పుడిస్తారు సార్?"