పట్టుపురుగులకు ఫోను గాలి

టేకల్ దగ్గర చిక్కవెంకటప్ప ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులే నయం. ఆకు నమిలేటప్పుడు వాటి చప్పుడైనా వినిపిస్తుంది. కొడుకు ఆనంద్, కూతురు నేత్ర ఫోన్లలో తల దూర్చారంటే సంగటి చల్లారిపోవలసిందే.

పాపం, ఆయన కోరిక పెద్దదేమీ కాదు. పిల్లలు తనతో కాసేపు మాట్లాడాలి, అంతే. తిట్టాడు, బతిమాలాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. పట్టుపురుగులకు బీడీ వాసన పడదు, అగరుబత్తి పడదు, కాళ్లు కడగనివాళ్లు గదిలోకొస్తే పడదు. ఇన్ని పడనప్పుడు ఇంకొకటి చేరిస్తే అడిగేదెవరు?

"ఫోను గాలి తగిలితే పురుగులు గూడు కట్టవంట! గూళ్లు కట్టేదాకా ఎవురూ ఫోను ముట్టకూడదు. ముట్టినోళ్లు ఒంటిగా మల్బరీ తోటంతా ఆకు కొయ్యల్ల!"

"ఎవురు చెప్పినారప్పా?" అంది నేత్ర.

"మన మాదిరే పురుగులు సాకే దొడ్డమునియప్ప."

"ఆయప్పకెట్ల తెలిసింది?"

"ఫోన్లో చూసినాడంట."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు గానీ భార్య తాయమ్మ అతికించింది. పురుగులంటే ఆమెకు ప్రాణం. తన ఫోనూ పిల్లల ఫోన్లూ రాగుల డబ్బాలో వేసి మొగుడివైపు చెయ్యి చాచింది.

"నీదీ ఇయ్యి."

"నాదెందుకే? నేను ఇంటి యజమానుడు!"

"ఆ సంగతి పురుగులకేం తెలుస్తాది?"

"మాలూరులో రిపేరికిచ్చినా" అన్నాడాయన, నడుము దగ్గర పంచె సర్దుకుంటూ.

ఉపాయం బ్రహ్మాండంగా పారింది. పిల్లలు తండ్రి పక్కన కూర్చుని నోరు మూయకుండా మాట్లాడారు. నేత్ర కాలేజీలో జరిగిందంతా చెప్పింది. ఆనంద్ ఏకంగా నాన్న కాళ్లు పట్టాడు. చిక్కవెంకటప్పకు కడుపు నిండిపోయింది. చిక్కల్లా ఒక్కటే, వాళ్లు చెబుతుంటే ఆయన చెయ్యి నడుము మీదికి పోతోంది. ఎద్దుల పరుగుపందేల వీడియోలు చూడక ఆయనకు నిద్ర పట్టదు మరి.

ఇక ఆకు కొయ్యడానికి పిల్లల్ని రావద్దని తానే వెళ్లసాగాడు. మల్బరీ చెట్ల చాటున గంట కూర్చుంటే గంపెడు వీడియోలూ గుప్పెడు ఆకూ అయ్యేవి.

ఒక సాయంత్రం తాయమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఆకు యాడ? పురుగులు కాసుకోని ఉండాయి!"

ఆయన ఉలిక్కిపడి ఫోను గంపలో ఆకు అడుగుకు తోశాడు. ఆమె గంప లాక్కుని గబగబా ఇంటికి పోయి, పురుగుల తట్టల మీద ఆకు కుమ్మరించింది. వెనకాలే పరుగెత్తిన చిక్కవెంకటప్ప గది చేరేసరికి ఆలస్యమైపోయింది.

తట్టలోంచి "హోయ్! హోయ్! కొమ్ములు చూడండప్పా!" అని కేకలు. ఆయన రింగుటోను అది. పిల్లలు పరుగున వచ్చారు. ఆకు పక్కకు జరిపితే ఫోను వెలుగుతోంది. దాని మీదికెక్కి పురుగులు హాయిగా ఆకు నములుతున్నాయి.

తాయమ్మ ఫోనెత్తి స్పీకరు నొక్కింది. అవతల దొడ్డమునియప్ప.

"ఏమప్పా, నువ్వు పంపిన ఎద్దుల వీడియో చూసినా. ఇంగోటి పంపు!"

"ఏమన్నా, ఫోను గాలి పురుగులకు పడదంటివంట?"

"నేనా? మా పురుగుల గదిలో దినమూ ఫోను పాడతానే ఉంటాదమ్మా!"

చిక్కవెంకటప్ప గోడ మీద బల్లిని శ్రద్ధగా చూడసాగాడు. తాయమ్మ రాగుల డబ్బా మూత తీసి పిల్లల ఫోన్లు పిల్లలకిచ్చేసింది.

మర్నాడు ఆయన ఒంటిగా తోటలో ఆకు కోస్తుంటే నేత్ర గట్టున ఆనంద్ పక్కన నిలబడి వీడియో తీసింది.

"ఎవురైనా చూస్తారామ్మా?" సిగ్గుపడుతూ అడిగాడు.

"నిన్న నువ్వు బల్లిని చూస్తా నిలబడిన వీడియోకే ఊరంతా పడిపడి నవ్వినారప్పా."

ఆయన కొడవలి పారేసి వచ్చి పిల్లల మధ్య కూర్చున్నాడు. ముగ్గురూ ఒకే ఫోన్లోకి వంగి విరగబడి నవ్వారు. ఆయనకు మనసంతా చల్లగా అయింది.

తాయమ్మ వచ్చి మొగుడి చేతిలోని ఫోను లాక్కుని కొడవలి పెట్టింది.

"అప్పా, ఆ మొగం అట్లే పెట్టుకో, కదలొద్దు!" అంటూ ఆనంద్ తన ఫోనెత్తాడు.