నూకరత్నానికి రవాణా పర్మిట్టు

ఇంట్లో కార్వింగ్ మిషను పెట్టిన రెండో వేసవికి అప్పలాచారి భార్య నూకరత్నం సగానికి పైగా టేకు అయిపోయిందని అటవీ శాఖ నిర్ధారించింది. సెక్షన్ అధికారి ధర్మారావు గార్డును వెంటబెట్టుకుని స్వయంగా కొత్తమెట్ట వడ్రంగి వీధికి వచ్చాడు. ఆమె మోచేతిని చాకుతో కొంచెం గీకి, రాలిన పొడి వాసన చూశాడు. పెన్సిలుతో భుజం మీద తట్టి చప్పుడు విన్నాడు. "మంచి చేవ" అని గార్డుతో అన్నాడు. పరీక్ష అయ్యాక నూకరత్నం ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చింది.

వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మిషను ఉండేది ఆ ఇంటి ముందుగదిలోనే. కంప్యూటరులో బొమ్మ పెడితే అది టేకు తలుపుల మీద లతలు, నెమళ్లు, గజలక్ష్ములు చెక్కుతుంది. చెక్కినంత సేపూ గోధుమపిండిలాంటి దుమ్ము లేస్తుంది. మిషను అమ్మిన మనిషి మొదట్లోనే దుమ్ము లాగే మోటారు, గొట్టం, డ్రమ్ము కూడా తీసుకోమని చెప్పాడు. "మా ఇంటిది ఉంది గదా" అన్నాడు అప్పలాచారి. అమ్మిన మనిషి నూకరత్నాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, సరిపోతుందన్నాడు.

అప్పటి నుంచి ఆమె మూతికి తడిగుడ్డ కట్టుకుని ఆ గది ఊడ్చేది. మిషను పట్టాల మీద పేరుకున్నది బ్రష్షుతో దులిపి, మూలమూలలా తుడిచి, అంతా బస్తాలకెత్తేది. ఆ బస్తాలు ఇటుకబట్టీ వాళ్లు పట్టుకెళ్లేవారు. బస్తాలకెక్కనిది ఆమెలోకి ఎక్కింది.

ధర్మారావు అరుగు మీద కూర్చుని నిబంధనలు చదివి వినిపించాడు. పొద్దు గుంకాక, పొద్దు పొడవక ముందు ఈ కలప కదలకూడదు. పగటిపూట కదలాలన్నా ఎక్కడికి, ఎందుకు, ఏ దారిన, ఎవరి తాలూకు అన్నవి చెప్పి పర్మిట్టు తీసుకోవాలి. యజమాని సంతకం ఉండాలి. భుజం మీద శాఖ సుత్తితో యజమాని పేరులోని మొదటి అక్షరం ముద్ర వేయాలి.

పక్కింటి గౌరమ్మ గోడ మీంచి అంతా విన్నది. "ఆ సుత్తి దెబ్బొక్కటే కొత్త బాబూ. మిగతావన్నీ పెళ్లినాటి నుంచీ ఉన్నవే" అంది.

తన భార్య టేకని తేలాక అప్పలాచారి ఆమెను కాస్త మర్యాదగా చూడటం మొదలుపెట్టాడు. బీటలు తీస్తుందని ఎండలో నిలబడనిచ్చేవాడు కాదు. వానలో బట్టలు తీయడానికి పంపేవాడు కాదు. నెలకోసారి చెదలు మందు తెచ్చి, కాళ్లకు రాసుకోమని గుమ్మం దగ్గర పెట్టేవాడు. ఊడ్చే పని మాత్రం మామూలుగానే జరిగేది.

వానలు మొదలయ్యేసరికి ఆమెకు ఊపిరి గొంతు దాటి కిందికి దిగడం మానేసింది. బిందె ఎత్తి రెండడుగులు వేస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. జిల్లా పట్నంలో ఛాతీ ఆస్పత్రి ఉందని గౌరమ్మ చెప్పింది. నూకరత్నం పర్మిట్టు కోసం సెక్షన్ ఆఫీసుకు కబురు పంపింది. ఆఫీసుకు తనే వెళ్లాలంటే దానికీ పర్మిట్టు కావాలి. అందువల్ల ధర్మారావే, సుత్తి పట్టుకున్న గార్డుతో సహా మళ్లీ వచ్చాడు.

"ఆస్పత్రికి ఎల్లాలి బాబూ. ఊపిరందట్లేదు" అంది నూకరత్నం.

"కలపకి ఊపిరెందుకమ్మా?" ధర్మారావు ఎగతాళికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"మరి నీతో మాటాడతన్నదెవులు?"

"మాట్లాడకూడదని నిబంధన ఏమీ లేదు. పర్మిట్టు రెండు చోట్లకే ఇస్తాం. కలప డిపోకయినా రాసిస్తాను, కోతమిల్లుకయినా రాసిస్తాను. ఆస్పత్రికి రాసే వీలు లేదు."

"కోతమిల్లుకెందుకు, ఆ పని ఇంట్లోనే అవతంది" అంది ఆమె.

ముందు ముద్ర పని కానిద్దామన్నాడు ధర్మారావు. గార్డు సుత్తి మీద సిరా పూశాడు. అప్పలాచారి తన పేరులోని మొదటి అక్షరం తిరగబడకుండా పడుతుందా అని వంగి చూస్తున్నాడు. నూకరత్నం భుజం మీదికి కొంగు లాక్కుంది.

"ఒక్క మాట చెప్పు బాబూ. టేకు ఎవుల్ది?"

"పెంచినవాళ్లది. సొంత జాగాలో సొంత కష్టంతో పెంచుకుంటే పెంచినవాళ్లే యజమానులు."

"ఊడ్సింది నాను. పీల్సింది నాను. పెరిగింది నా ఒంట్లో. ఈయన ఒక్క రోజయినా చీపురు ముట్టాడేమో అడుగు."

ధర్మారావు అడిగాడు. అప్పలాచారి తలుపు మీది నెమలి వైపు చూశాడు. ధర్మారావు నిబంధనల పుస్తకం కాసేపు తిరగేసి, ఆమె చెప్పింది సరిగ్గానే ఉందని ఒప్పుకున్నాడు. యజమాని అక్షరం మారితే సుత్తి మారాలి, ఆ అక్షరం సుత్తి ఆఫీసులో లేదు. ఆడవాళ్ల పేరుతో ముద్ర వేసే అవసరం ఇంతవరకూ రాలేదన్నాడు. గార్డు సిరా తుడిచేశాడు.

"పెంచినోళ్లు పెంపకం ఆపొచ్చా?"

"అది మీ ఇష్టం అమ్మా."

"అయితే ఇయ్యాల్టి నుంచి ఆపేసినాను" అని నూకరత్నం చీపురు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ఆమె ముందుగదిలో అడుగు పెట్టలేదు. దుమ్ము పట్టాల మీద పేరుకుంది. ఒక గజలక్ష్మికి ఏనుగు తొండం చదునుగా వచ్చింది. తలుపు చేయించుకున్నవాళ్లు దాన్ని తిప్పి పంపారు. అప్పలాచారి తలకు తువ్వాలు చుట్టుకుని తనే ఊడ్చాడు. వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంది. ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్లి, ఎవరూ చూడటం లేదనుకుని, మోచేయి గీక్కుని వాసన చూసుకున్నాడు.

ఆ మర్నాడే మోటారు, గొట్టం, డ్రమ్ము వచ్చాయి.

బిగిస్తున్నంత సేపూ నూకరత్నం గుమ్మంలో నిలబడి చూసింది. మిషను నడుస్తుంటే లేచిన దుమ్ము లేచినట్టే గొట్టంలోకి పోయి డ్రమ్ములో పడింది. గచ్చు మీద పిసరంత కూడా రాల్లేదు.

"మరి ఇన్నాళ్లూ ఇది రాలేదేటి?" అని అడిగింది.

"అవసరం తెలీలేదు రత్నం" అన్నాడు అప్పలాచారి. అతను అబద్ధం చెప్పలేదు.

ఆమె గొట్టం మూతి దగ్గర ముఖం పెట్టి చూసింది. అది ఆమె కొంగును లాగింది, ముంగురుల్ని లాగింది. లోపలున్నది లాగలేదు. గది బాగుపడింది, ఆమె బాగుపడలేదు. చీర మార్చుకుని బయల్దేరింది.

"పర్మిట్టు లేకుండా ఎలాగెల్తావే?"

"నడిసి. రోడ్డు దాకా నడిసి, ఆపైన బస్సులో."

కండక్టరు ఆమె భుజం కమ్మీకి తగిలినప్పుడు వచ్చిన చప్పుడు విని, మనిషి టికెట్టా, లగేజీ టికెట్టా అని అడిగాడు. "లగేజీ అయితే నువ్వే ఎత్తి పైన పెట్టాలి, మళ్లీ నువ్వే దించాలి. ఆలోచించుకో" అంది. అతను మనిషి టికెట్టే కొట్టాడు.

ఘాట్ దిగువన చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. అక్కడి గార్డు పడుచువాడు. సుత్తితో సహా ఎక్కి, కలప ఏమయినా ఉందా అని అడిగాడు.

"నానున్నాను" అంది నూకరత్నం.

"ముద్ర?"

"లేదు."

"పర్మిట్టు?"

"ఇవ్వలేదు."

"అయితే దిగాలమ్మా. లేకపోతే బండి సీజు చెయ్యాలి."

"దిగను. ఆస్పత్రికెల్తన్నాను. సీజు చేసుకో."

వెనక సీటులోంచి ఒకామె మెల్లగా చెయ్యెత్తింది. "నన్ను కూడా రాసుకో నాయనా. నాను గోనె. జూటు మిల్లులో చేసినాను."

"నాది జీడిపిక్కల పొగ, అప్పా" అంది ఆమె పక్కనున్నది, గార్డుతో కాక నూకరత్నంతో. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ తను క్వారీ రాయినని, మోకాళ్ల దాకా ఎప్పుడో అయిపోయానని చెప్పింది. అందరూ ఛాతీ ఆస్పత్రికే వెళ్తున్నారు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, తనలో ఉన్నదంతా డీజిలే అన్నాడు.

గార్డు ఇబ్బందిపడ్డాడు. కలప ఒక్కటే తన శాఖ. రాయి గనులవాళ్లది, గోనె ఇంకెవరిదో. ఇన్ని శాఖల సరుకు ఒకే బండిలో దొరికితే ఉమ్మడి తనిఖీ సంఘం రావాలి. అలాంటి సంఘాన్ని ఇంతవరకూ వేయలేదు. ఏం చేయాలో తోచక ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. కూర్చోగానే దగ్గొచ్చింది. పొద్దుటి నుంచి పొద్దు గుంకేదాకా మట్టి లారీలకు గేటెత్తేది అతనే.

నూకరత్నం వంగి, వేళ్లతో అతని వీపు మీద తట్టి చప్పుడు విన్నది.

"ఎర్రమట్టి. సగం కూడా అవలేదు, బేగి చూపించుకో" అంది.

గార్డు ఆస్పత్రిలో ఎన్ని గంటలదాకా చూస్తారని అడిగాడు. మధ్యాహ్నం దాకానే అని ముసలమ్మ చెప్పింది. నూకరత్నం పక్కకు జరిగి చోటిచ్చింది. అతను సుత్తిని గేటు దగ్గర వదిలి వచ్చి కూర్చున్నాడు. గేటు ఎత్తడానికి ఎవరూ లేకపోవడంతో డ్రైవరే దిగి ఎత్తాడు. బస్సును అవతలికి దాటించి, ఆపి, వెనక్కి నడిచి వెళ్లి, నిబంధన ప్రకారం మళ్లీ దించి వచ్చాడు.