పికిల్ వాళ్ల నాన్న

స్నేహితుడి పేరు తెలుసుకోవడమంత అనాగరికమైన పని ఇంకోటి లేదు! నమ్మరా? అయితే మా కోల్డ్‌స్పూన్ వాగు వెంట వేసిన నడకదారికి ఒకసారి రండి.

దారి పొడవు ముప్పావు మైలు. అది నడవడానికి రోజూ మైలున్నర కారులో వెళతాను. పార్కింగ్ దొరక్క మూడు చుట్లు తిరుగుతాను. ఆరోగ్యం ఊరికే వస్తుందా?

అక్కడ ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ తలూపి "వాతావరణం బావుంది" అనాలి. వాన పడుతుంటే "వాగుకి మంచిదిలెండి" అనాలి. అంతటితో ఇద్దరి బాధ్యతా తీరిపోతుంది. వెనకనుంచి సైకిలువాడు "ఎడమవైపు వస్తున్నా!" అని అరుస్తాడు. నేను కంగారులో ఎడమవైపుకే దూకుతాను. ఆరేళ్లుగా దూకుతూనే ఉన్నాను.

ఇక పేర్లు. మా దారిలో పేర్లు కుక్కలకే ఉంటాయి. మనుషులం వాటి అమ్మానాన్నలం. నేను డంప్లింగ్ వాళ్ల నాన్నని. ఎర్రటోపీ ఆవిడ మోచీ వాళ్లమ్మ. రోజూ సాయంత్రం చెక్క వంతెన దగ్గర నాతో కబుర్లాడే పెద్దాయన పికిల్ వాళ్ల నాన్న. ఆయన భార్య పోయిందనీ, ఒక్కడే ఉంటాడనీ, తీపి మానేశానని అందరికీ చెప్పి డోనట్లు తింటాడనీ నాకు తెలుసు. పేరు మాత్రం అడగలేదు. ఆరేళ్ల తర్వాత అడిగితే ఏం బావుంటుంది, చెప్పండి? అయినా పేరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే సోఫా మొయ్యడానికి సాయం రమ్మంటాడు!

మొన్న ఆదివారం ఆయన రాలేదు. ఆరేళ్లలో మొదటిసారి. వంతెన మీద గంటసేపు నిలబడ్డాను. నిజంగానే భయం వేసింది. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు, వెళదామంటే ఇల్లు తెలీదు. "పికిల్ వాళ్ల నాన్న కనబడలేదు, ఎవరైనా చూశారా?" అని మా పేట వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

తెల్లారేసరికి నలభైమంది వాగు దగ్గర తేలారు, చేతుల్లో ఉడికించిన కోడిముక్కలతో!

"పికిల్! ఎక్కడున్నావ్ బంగారం? రా నాన్నా!"

"తప్పిపోయింది కుక్క కాదండీ, మనిషి!" అన్నాను.

"హమ్మయ్య! అయితే పికిల్‌కేం కాలేదన్నమాట!" అంటూ మోచీ వాళ్లమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. సగంమంది అట్నుంచి అటే ఇళ్లకి వెళ్లిపోయారు.

మిగిలినవాళ్లం వీధి వీధీ తిరిగాం. నేనెన్నడూ అడుగుపెట్టని ఒక వీధిలో పికిల్ మొరుగుడు వినబడింది. పెరటి తలుపు తోసి వెళితే, పెద్దాయన తుంటి విరిగి వంటింటి నేలమీద పడి ఉన్నాడు. ప్రాణం ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఈయన పేరేంటండీ?" అంది అంబులెన్సు అమ్మాయి.

"పికిల్ వాళ్ల నాన్న!" అన్నాం ఇరవైమందిమీ ఒక్క గొంతుతో.

"ఎల్డ్రిడ్జ్ అమ్మా," అన్నాడాయన స్ట్రెచర్ మీంచి నీరసంగా. "నిన్న పొద్దున పడ్డాను. పికిల్ పాపం పగలంతా మొరిగింది. ఎవరైనా వస్తారనుకున్నా. వెనకింటి మహానుభావుడు కిటికీ దబ్బున మూసుకున్నాడు, అంతే!"

పెరట్లో ఆరడుగుల చెక్క కంచె ఉంది. దాని పైనుంచి ఒక పచ్చ కిటికీ కనబడుతోంది. ఆదివారం పగలంతా నేను ఆ కిటికీ పక్కనే కూర్చుని, నడకదారి గొప్పతనం గురించి పత్రికకి ఈ కాలమ్ రాస్తూ ఉన్నాను. వెనకింటి కుక్క గోలకి వాక్యం కుదరక, లేచి కిటికీ మూశాను.

ఎల్డ్రిడ్జ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను తిరిగొచ్చేదాకా పికిల్‌ని నువ్వే చూసుకోవాలయ్యా. ఇంతకీ మీ ఇల్లెక్కడ?"

ఇన్నేళ్లకి నా గురించి ఒక్క ప్రశ్న అడిగాడు. అదేదో నా పేరే అడిగుంటే ఎంత బావుండేది!