సురక్షిత వలయం

ఆ సోమవారం కృపాకర్‌కు వీక్లీ ఆఫ్. పొద్దున్నే లేచి చాయ్ తాగి, నయాపూల్ దాకా పోయి ఒక వాచీ కొని, వచ్చేటప్పుడు అరకిలో మటన్ తేవాలని అతని ఆలోచన. సిటీ బస్సు డ్రైవరుకు సెలవు రోజున ఇంతకంటే పెద్ద కార్యక్రమం ఉండదు. మధ్యాహ్నానికల్లా అన్నీ అయిపోతాయనుకున్నాడు.

వాచీ అతనికి కాదు, కూతురు స్వీటీకి. ఆ పిల్ల కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిలిమ్స్ పాసై, పరుగు పరీక్షకు తయారవుతోంది. వాళ్ల ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక. ప్రాక్టీసుకు మూసీ ఒడ్డున ఉన్న మైదానానికి పోతుంది. తల్లి ఎస్తేరు ఉన్నప్పుడు తోడు వెళ్లి, గట్టు మీద కూర్చుని, కూతురు ఎదురుగా వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. ఎస్తేరు పోయి ఇంకా ఏడాది కాలేదు. కొన్నాళ్లు స్వీటీ ఆ మైదానం వైపే పోలేదు. ఈమధ్యే మళ్లీ మొదలుపెట్టింది గానీ, కాళ్లు ఒకచోట, మనసు ఒకచోట.

కోచ్ అంజన్ ఒకరోజు కృపాకర్‌ను పక్కకు పిలిచాడు. "ఎంత దూరం ఎంత సేపట్ల ఉరుకుతున్నదో ఆమెకే తెలుస్తలేదు అంకుల్. మొదట్ల మస్తు జోరు, ఎన్కకు కూలబడుడు. ఒక జీపీఎస్ వాచీ ఇప్పియ్యుండ్రి. దూరం, స్పీడు, అన్నీ చేతి మీదనే కనబడ్తయి."

తల్లి లేని లోటును కృపాకర్ పూడ్చలేడు. వాచీ మాత్రం కొనగలడు. వారం పాటు డిపోలో కనిపించినవాళ్లనల్లా అడిగాడు. బ్యాటరీ ముఖ్యమని ఒకరన్నారు. చెమటకు, వానకు చెడిపోనిది చూడమని ఇంకొకరన్నారు. పక్కన ఫోను లేకపోయినా దానంతటది ఉపగ్రహాన్ని పట్టుకోవాలని మెకానిక్ ఒకాయన గంటసేపు వివరించాడు. అంతా విన్నాక కృపాకర్‌కు గుర్తున్న ముక్క ఒక్కటే: జీపీఎస్.

అద్దాల షోరూంలో అడిగితే, సెకండ్ హ్యాండ్ స్కూటర్ వచ్చే ధర చెప్పారు. నమస్కారం పెట్టి బయటికి వచ్చి, సందులోని చిన్న వాచీల దుకాణం ఎక్కాడు. తెల్లగడ్డం సేఠ్ ఒకాయన చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

"బచ్చీ కే వాస్తే జీపీఎస్ వాచ్ హోనా సాబ్. సస్తే మే," అని చవకలో ఇమ్మని అడిగాడు కృపాకర్.

"బచ్చీ క్యా కర్తీ?"

"దౌడ్తీ సాబ్. బహుత్ దౌడ్తీ. రోజ్ సుబహ్ ఘర్ సే నికల్ జాతీ."

సేఠ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అకేలీ?"

"అకేలీచ్. పహ్లే ఉస్కీ అమ్మా సాత్ జాతీ థీ. అబ్ అమ్మా నై రహీ."

బిడ్డ రోజూ పొద్దున ఒంటరిగా పరుగు ప్రాక్టీసుకు వెళుతుందని కృపాకర్ చెప్పాడు. తల్లిలేని పసిది రోజూ పొద్దున ఇంట్లోంచి పారిపోతుందని సేఠ్‌కు అర్థమైంది. ఆయన కళ్లు చెమర్చాయి. ముందు చూపిస్తున్నవన్నీ పక్కకు నెట్టి, లోపలి అరలోంచి గులాబీ రంగు పట్టీ వాచీ ఒకటి తీశాడు. దాని మీద చిన్న కుందేలు బొమ్మ ఉంది. తన చేత్తో సిమ్ము వేశాడు. కృపాకర్ ఫోన్ తీసుకొని అందులో ఏదో దింపాడు, భాష తెలుగుకు మార్చాడు, ఇల్లెక్కడో అడిగి, ఇంటి చుట్టూ ఒక రౌండ్ వేసి పెట్టానన్నాడు. రౌండ్ అనే మాట వినగానే కృపాకర్‌కు ధైర్యం వచ్చింది. ఎర్ర బటన్ ఒత్తితే ఆ కబురు నేరుగా తండ్రికి చేరుతుందని సేఠ్ చెబితే, రౌండు అయినప్పుడల్లా ఒత్తాలన్నమాట అనుకున్నాడు. అడక్కుండానే ధర తగ్గించి, పైకి చేతులెత్తి ఆ పిల్ల కోసం దువా కూడా చేశాడు సేఠ్. ఆటలంటే ఈ నగరంలో ఎంత గౌరవమని ఆశ్చర్యపడుతూ కృపాకర్ ఇంటికి వచ్చాడు.

వాచీ మీది కుందేలును స్వీటీ గోటితో గీకి చూసింది. "డాడీ, గిది చిన్నపోరగాండ్లది లెక్క ఉన్నది."

"కొత్త మోడలట బిడ్డా. రౌండు కాంగనే ఎర్ర బటన్ ఒత్తాల్నట. మిగతదంత అదే సూసుకుంటదట."

తండ్రి మొహం చూసి ఆమె చేతికి కట్టుకుంది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి మటన్ వండారు. ఉప్పు ఎవరికి వారు వేశారు. బాగుందని ఒకరికొకరు చెప్పుకుని, నీళ్లు తాగుతూ తిన్నారు.

మర్నాడు కృపాకర్ ఫస్ట్ డ్యూటీకి వెళ్లాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నాక ఫోన్ ముట్టుకోకూడదు గనక, ఎప్పటిలాగే కండక్టర్ భాగ్యశ్రీ సంచిలో పెట్టాడు. బస్సు నయాపూల్ స్టాపులో ఆగేసరికి ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"అన్నా, నీ ఫోన్‌ల ఎవరో ఆడామె ఒక్కతీరుగ మొత్తుకుంటున్నది!"

ఫోన్‌లోంచి రేడియో వార్తల గొంతు ఒకటి స్పష్టంగా పలికింది: "హెచ్చరిక! మీ చిన్నారి సురక్షిత వలయమును దాటినది. మీ చిన్నారి ఆపదలో ఉండవచ్చును."

కృపాకర్‌కు అర్థమయ్యేలోపే ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల మాట లేదు. రొప్పుతున్న ఊపిరి, దబదబా అడుగుల చప్పుడు. "స్వీటీ! బిడ్డా, ఏడున్నవ్?" అని అరిచాడు. కట్ అయింది. కాసేపటికి మళ్లీ మోగింది. ఈసారి రొప్పు ఇంకా ఎక్కువగా ఉంది. అక్కడ మైదానంలో స్వీటీ తండ్రి చెప్పినట్టే రౌండు పూర్తయినప్పుడల్లా శ్రద్ధగా ఎర్ర బటన్ ఒత్తుతోంది. అవతలి మాట వినిపించే భాగ్యం ఆ వాచీకి లేదు.

భాగ్యశ్రీ ఫోన్‌లో మ్యాపు తెరిచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుందేలు గుర్తు సరిగ్గా మూసీ నడిమధ్యలో ఉంది.

కృపాకర్ పక్కింటి ఆగమ్మకు ఫోన్ చేశాడు. "అక్కా, స్వీటీ ఇంట్ల ఉన్నదా జర సూడు."

"తాళమేసున్నది తమ్మీ. ఏమైంది?"

"మూసీల సూపిస్తున్నదక్కా!"

అంతకుమించి చెప్పలేక పెట్టేశాడు. ఆగమ్మ ఆ మాటను గల్లీ మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పింది. గల్లీ చివరికి చేరేసరికి, తల్లి మీద బెంగతో పిల్ల మూసీలో దూకిందని తేలిపోయింది. ఆడవాళ్లు రెండు ఆటోల్లో ఎక్కారు.

బస్సులో లొల్లి మొదలైంది. కోర్టుకు పోతున్న గుమాస్తా ఒకాయన ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని, "నాకు హియరింగ్ ఉన్నదయ్యా, బస్సు తియ్యి," అని కేకలేస్తున్నాడు. కృపాకర్ తల స్టీరింగ్ మీద ఆనించాడు.

ఎస్తేరు కళ్లు తిరిగి పడిపోయిన రోజున కూడా ఫోన్ ఈ సంచిలోనే ఉంది. సైలెంటులో ఉంది. స్వీటీ చేసిన కాల్స్ ట్రిప్పు అయిపోయాకే అతను చూసుకున్నాడు. ఆస్పత్రికి చేరేసరికి ఎస్తేరు మొహం మీద దుప్పటి కప్పేశారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. స్వీటీ ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే అతన్ని తినేస్తోంది.

ఆ సంగతి భాగ్యశ్రీకి తెలుసు. ఆమె వెనక్కి తిరిగి, "డ్రైవరన్న బిడ్డ ఆపతిల ఉన్నది. దిగెటోళ్లు దిగుండ్రి," అంది. ఎవరూ దిగలేదు. గుమాస్తా ఫైళ్లు మూసి, "ఫికర్ చేయకు అన్నా. బస్సు తిప్పు," అన్నాడు.

ఇన్నేళ్ల సర్వీసులో గీత దాటని డ్రైవరు, బస్సును రూటు తప్పించి మూసీ ఒడ్డుకు మళ్లించాడు.

మైదానంలో ఆ సమయానికి స్వీటీ ఆఖరి రౌండులో ఉంది. ఎందుకో ఆ రోజు కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. తల్లి పోయాక ఇంత బాగా ఎన్నడూ పరుగెత్తలేదు. అంజన్ స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గర ఎగురుతున్నాడు. "ఇంకొంచెమే! ఆగకు! ఆగకు!"

అప్పుడే గేటులోంచి ఎర్ర బస్సొకటి హారన్ కొడుతూ మైదానంలోకి దూసుకొచ్చింది. అందులోంచి తండ్రి దూకాడు. అతని వెనక భాగ్యశ్రీ, ఆమె వెనక గుమాస్తా, ఆ వెనక బస్సంతా. అందరూ ఏడుస్తూ తన వైపే పరుగెత్తుకొస్తున్నారు. గీతకు నాలుగడుగుల దూరంలో స్వీటీ ఆగిపోయింది.

కృపాకర్ ఆమె భుజాలు పట్టుకుని, తలా చేతులూ తడిమి చూశాడు. ఇంతలో ఆటో దిగిన ఆగమ్మ వచ్చి పిల్లను వాటేసుకుంది. చెమటకు నిలువునా తడిసిన టీషర్టు ఆమె చేతికి తగిలింది.

"నిజంగనే దుంకినవా బిడ్డా! ఒళ్లంత తడిసే ఉన్నది! మీ అమ్మే పైకి తోసి ఉంటది!"

గల్లీ ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఎవరో నీళ్లు కక్కించమన్నారు. ఇద్దరు ముగ్గురు ఆమెను పట్టి బోర్లా పడుకోబెట్టబోయారు.

"నేను నీళ్లల్ల పడలే! ఉరుకుతున్న!" అని స్వీటీ విదిలించుకుంది. "ఏమైంది మీకు?"

అంజన్ ఆమె చెయ్యి పట్టుకుని వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంకుల్, ఇది ఉరికెటోళ్లు పెట్టుకునేది కాదు. చిన్నపిల్లలు తప్పిపోకుంట తల్లిదండ్రులు కట్టేది. గిసుంటి సస్తా దానికి ఒడ్డేదో, నీళ్లేవో తెల్వయి."

పక్కన ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయిలు ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నవ్వారు. ఫోన్‌లోని ఆడగొంతు మాత్రం ఇంకా హెచ్చరిస్తూనే ఉంది. స్వీటీ మొహం ఎర్రబడింది.

"నేనేడికి పోతున్ననో సూస్తానికి కట్టినవా డాడీ? అమ్మ ఉన్నప్పుడు నా మీద ఎవ్వలన్న నిగా పెట్టిండ్రా? గింతమంది ముందల గిట్ల చేస్తవా?"

సేఠ్ సంగతి, రౌండ్ సంగతి, అన్నీ చెప్పాలనుకున్నాడు కృపాకర్. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఫోన్ మోగింది బిడ్డా. ఈసారి ఎత్తిన."

స్వీటీ తండ్రి వైపు చూసింది. తల్లి శవం దగ్గర కూడా పదిమందిలో ఏడవని పిల్ల, అక్కడే మట్టిలో కూర్చుని మోకాళ్లలో మొహం పెట్టుకుంది. కృపాకర్ పక్కన కూలబడ్డాడు. నవ్విన అమ్మాయిలు నవ్వు ఆపేశారు. ఎందుకు ఏడుస్తున్నారో తెలియకపోయినా ఆగమ్మ ఏడ్చింది. ఎవరో బస్సు సంగతి ఎత్తబోతే, ఎవరికీ తొందర లేదని గుమాస్తా మెల్లగా కసిరాడు. ఆయన హియరింగ్ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే డిపో మేనేజర్ వైకుంఠం కృపాకర్‌ను పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ మైదానంలో బస్సు ఫొటో అప్పటికే ఊరంతా తిరిగింది.

"బస్సు గ్రౌండులకు ఎందుకు పోయిందయ్యా?"

"బిడ్డ మూసీల ఉన్నట్టు సూపించింది సార్."

"మరి ఏడ దొరికింది?"

"గ్రౌండుల సార్."

"ఏం చేస్తున్నది?"

"ఉరుకుతున్నది సార్."

"ఎవరి నుంచి?"

విచారణ తేలేదాకా సస్పెన్షన్ అన్నారు.

వాచీ వాపసు ఇద్దామని నయాపూల్ వెళ్లాడు. అతన్ని చూడగానే సేఠ్ ఆత్రంగా లేచి నిలబడి, "బచ్చీ మిలీ?" అని, పిల్ల దొరికిందో లేదో అడిగాడు. ఆ ముసలాయన మొహం చూసి కృపాకర్ సంచిలో పెట్టిన చెయ్యి సంచిలోనే ఉంచుకున్నాడు. "మిలీ సాబ్," అని చెప్పి, ఆయన పోయించిన చాయ్ తాగి వచ్చేశాడు.

పని లేనివాడికి పొద్దున్నలు చాలా పొడుగు. ఒకరోజు స్వీటీ బూట్లు కట్టుకుంటూ, "ఇంట్ల ఒక్కనివి కూసొని ఏం చేస్తవు డాడీ? రా," అంది. అలా ఇద్దరూ మైదానానికి వెళ్లడం మొదలైంది. కృపాకర్ గట్టు మీద కూర్చునేవాడు, పక్కన ఒక మనిషి కూర్చునేంత జాగా వదిలి. కూతురు ఎదురుగా వచ్చినప్పుడు చప్పట్లు కొడదామనుకునేవాడు. చేతులు లేచేవి కావు. స్వీటీ ఆ జాగా వైపు ఒకసారి చూసి ముందుకు పోయేది. అంజన్ తన స్టాప్‌వాచ్‌లో టైము చూసి అరిచి చెప్పేవాడు. ఇంటికొచ్చే దారిలో తండ్రీకూతుళ్లు ఎస్తేరు గురించి మాట్లాడుకునేవారు. మొదట ఆమె చేసే పులుసు గురించి, తర్వాత ఆమె కోపం గురించి, చాలా రోజుల తర్వాత ఆ ఫోన్ కాల్స్ గురించి.

"నువ్వు ఎత్తినా అమ్మ దక్కకపోయేది డాడీ. డాక్టరే చెప్పిండు," అంది స్వీటీ ఒకరోజు. "నీకు చెప్దామనుకున్న. నువ్వేమో అడగకపోతివి."

కృపాకర్ రోడ్డు పక్కన నిలబడి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒకరు అడగలేదని ఒకరు చెప్పకుండా ఆ ఇంట్లో ఇన్ని నెలలు గడిచాయి.

పరుగు పరీక్ష రోజున తండ్రుల్ని గేటు బయటే ఆపేశారు. ఎండలో కృపాకర్ నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక స్వీటీ బయటికి వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి, జుట్టు చెదిరి, నడక మెల్లగా ఉంది.

"పాసైన డాడీ."

అతను తల ఊపాడు. చుట్టూ అమ్మాయిలు తల్లులను వాటేసుకుని గంతులేస్తున్నారు. కాసేపు ఇద్దరూ అటు చూడకుండా నిలబడ్డారు.

"అమ్మకు చెప్పి పోదామా?" అంది స్వీటీ.

సమాధుల తోటకు పోయే బస్సెక్కారు. ఆధార్ కార్డు చూపించగానే స్వీటీకి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ వచ్చింది. సస్పెన్షన్‌లో ఉన్న డ్రైవరు పాసు చెల్లదు గనక, కృపాకర్ టికెట్ కొనుక్కున్నాడు.