వెనక జేబు గుండీ

ఇంకో గారె వేసుకోండి, చెబుతాను. మా ఆవిడ వంటింట్లో ఉంది కాబట్టి కాస్త మెల్లిగా చెబుతాను. వింటే మధ్యలో వచ్చి దిద్దుతుంది. ఆవిడ దిద్దిన ప్రతిసారీ కథలో నా పరువు ఒక మెట్టు దిగుతుంది.

ఇది 2006 నాటి మాట. మేం న్యూజిలాండ్‌లో ఈ పాపటోయిటోయి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. మా ఆవిడ బెట్సీ రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నర్సు. నేను ఎయిర్‌పోర్టు పక్కన ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. బాపట్లలో ఎలియాస్ మాస్టారంటే లెక్కలకి పెట్టింది పేరు. ఇక్కడ ఆ పేరు నాకంటే ఆవిడకే ఎక్కువ పనికొచ్చింది. పాస్‌పోర్టులో నా పేరే ఆవిడ ఇంటిపేరయి కూర్చుంది. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లంతా "సిస్టర్ ఎలియాస్" అని ముద్దుగా పిలిచేవారు. నన్ను మాత్రం గోడౌన్‌లో "పదో నంబరు ర్యాకు" అనేవారు.

టీ టైములో నా పులిహోర డబ్బా, నేను, గోడమీద క్యాలెండరు, ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. మిగతా అందరూ మాతో పనిచేసే రసెల్ బల్ల చుట్టూ ఉండేవారు. ఎందుకంటారా? రసెల్ తన మేనమామ పొలంలో కంచె గుంజ కోసం గుంట తవ్వుతుంటే ఒక ఇత్తడి గుండీ దొరికింది. దానిమీద కిరీటం, కింద ఏదో నంబరు. నూట నలభై ఏళ్ల కిందట ఇక్కడి మావోరీల మీద వైకాటో యుద్ధానికి పోతూ ఇంగ్లీషు సిపాయిలు అక్కడ గుడారాలు వేసుకున్నారట. మ్యూజియం వాళ్లు ఆ గుండీని అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన చీటీ మీద రసెల్ పేరు రాశారు.

ఒక్క గుండీకి అంత మర్యాద. నా చొక్కాలకి ఊడిపోయినవి లెక్కేస్తే నాకో మ్యూజియమే కట్టాలి. నిజం చెబుతున్నాను, నాకు ఆ గుండీ అక్కర్లేదు. ఆ చీటీ కావాలి. ఈ దేశంలో ఒక్కచోటైనా నా పేరు ర్యాకు నంబరు లేకుండా కనపడాలి.

అందుకే ఒక మెటల్ డిటెక్టరు కొన్నాను. బెట్సీకి తెలియకుండా గ్యారేజీలో దాచాను. రెండో రోజే దొరికిపోయాను.

"ఏంటండీ అది?"

"గడ్డి కోసే మిషను. కంచె పక్కన మిగిలిపోతుంది చూడు, దానికి."

"మంచిది. రేపు కొయ్యండి."

మర్నాడు పెరట్లో అరగంట తిప్పాను. ఒక్క పోచ తెగలేదు. కంచె మూలకి వెళ్లేసరికి మాత్రం మిషను కుయ్యిమంది. ఒళ్లు మర్చిపోయి మోకాళ్ల మీద కూర్చుని తవ్వాను. క్రిస్మస్ నుంచి కనపడకుండా పోయిన అట్లకాడ బయటపడింది. దాంతో మొక్కలకి మట్టి తీసి అక్కడే వదిలేసింది నేనే. బెట్సీ మాత్రం అది పక్కింటి నిలేష్ పనే అనుకుని నాలుగు నెలలుగా అతనితో ముభావంగా ఉంటోంది.

తలెత్తితే ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది.

"మీ మిషను గడ్డి కొయ్యట్లేదు గానీ, దొంగని మాత్రం పట్టింది," అంది.

ఇక దాచడానికేముంది, అంతా చెప్పేశాను. వచ్చే శనివారం మ్యూజియం తరఫున హీథర్ అనే ఆవిడ ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుని రసెల్ మేనమామ పొలంలో వెతికిస్తోంది. మిషనున్న వాళ్లని రమ్మంది. దొరికినవన్నీ మ్యూజియానికే పోతాయి. దొరికినవాళ్ల పేరు చీటీ మీద పడుతుంది.

బెట్సీ అట్లకాడకి మట్టి తుడుస్తూ ఆలోచించింది.

"సరే. ఆ రోజు మీకు ఒక్క గుండీ దొరికితే, మీ కూతల కర్రని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తాను. దొరక్కపోతే శనివారం ఉతుకుడు మీది. ఊడిన గుండీలు కుట్టుకునేది కూడా మీరే."

"ఒప్పుకున్నాను," అన్నాను. లెక్కల మాస్టారిని కదా, రాత్రి పడుకున్నాక లెక్క వేశాను. ఇరవై ఎకరాలు, గోరంత గుండీ, ఒక్క రోజు. లెక్క కుదరలేదు.

అప్పుడు వచ్చింది నాకా దిక్కుమాలిన ఆలోచన. ఒక పాత సామాన్ల దుకాణంలో అచ్చం అలాంటి సిపాయి గుండీయే దొరికింది. కొనేశాను. పొలంలో కంచె పక్క చెట్టు కింద బూటు మడమతో లోపలికి తొక్కి, తర్వాత మిషనుతో నేనే కనిపెట్టాలి. ఇందులో మోసం ఏముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుండీ నిజమైనదే. ఒక చోట ఉన్నదాన్ని ఇంకో చోట పెడుతున్నానంతే. గోడౌన్‌లో రోజూ చేసే పనే కదా.

గుండీని ప్యాంటు ముందు జేబులో పెట్టి, ఆ ప్యాంటు కొక్కేనికి తగిలించి నిశ్చింతగా పడుకున్నాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ఆ పొలం బాంబే హిల్స్ దిగువన ఉంది. మొదటిసారి ఆ పేరు చూసినప్పుడు వడాపావ్ దొరుకుతుందని ఆశపడ్డాను. ఉల్లి పొలాలు ఉన్నాయి, అంతే. బెట్సీ రబ్బరు గంబూట్లు వేసుకుని, పులిహోర, ఫ్లాస్కు, మడత కుర్చీ తెచ్చుకుంది. నేను బురదకి తట్టుకుంటాయని గోడౌన్ బూట్లు తొడుక్కున్నాను.

హీథర్ అందరినీ నిలబెట్టి చెప్పింది. "మిషను మోగిన చోట ఈ చిన్న జెండా గుచ్చండి. మీరెవరూ తవ్వకండి. నేను తవ్వి, ఏది ఎక్కడ దొరికిందో రాసుకుంటాను. అందులో ఒక్కటి అబద్ధమైనా ఈ రోజంతా దండగే."

నేను భక్తిగా తలూపి, చెట్టు కిందకి పోయి జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ. రెండో జేబు. అదీ ఖాళీ. చొక్కా జేబులో ఉతికి ఎండిన బస్సు టికెట్టు ఉంది. ప్రభువా, ఇది నాకు తగిన శాస్తేనా అనుకుని, చచ్చినట్టు మిషను ఆన్ చేశాను.

కుయ్యిమంది.

జెండా గుచ్చాను. రెండడుగులు వేశాను. మళ్లీ కుయ్యిమంది. ఇంకో జెండా. ఎటు తిప్పితే అటే కుయ్యి. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిపాయిలు ఇక్కడ గుండీలు చల్లుకుంటూ పోయారేమో అనిపించింది. రసెల్‌కి ఒక్కటీ మోగలేదు. వాడు తన మిషను ఆపి నా వెనక నడవడం మొదలుపెట్టాడు. గంటలో ఇరవై ఏడు జెండాలు గుచ్చాను. పొలం పెళ్లిపందిరిలా తయారైంది.

హీథర్ మొదటి జెండా దగ్గర తవ్వింది. మట్టి. రెండోది. మట్టి. పదోదాని దగ్గర చెమట తుడుచుకుంది. ఇరవయ్యోదాని దగ్గర నా వైపు చూడడం మానేసింది. రసెల్ మేనమామ మాత్రం సంతోషంగా ఉన్నాడు, బంగాళాదుంపలు పెట్టడానికి గుంటలు సిద్ధమయ్యాయని.

బెట్సీ కుర్చీలోంచి లేవకుండానే పిలిచింది.

"ఏవండీ, మీ బూట్ల ముందు ఇనుప రేకు ఉంటుంది కదా?"

"ఉంటుంది. పెట్టె మీద పడ్డా వేళ్లు నలగవు."

"మీ మిషను ఇందాకట్నుంచీ మీ కాళ్లని చూసే ఏడుస్తోంది. విప్పండి."

రసెల్ ఏదో మేకు పడిపోయినట్టు నేల వైపు చూశాడు. వాడి భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నేను వంగి తాళ్లు విప్పడం మొదలుపెట్టాను.

నా వెనక హీథర్ ఉందన్న సంగతి మర్చిపోయాను.

"ఎలియాస్," అంది. ఆవిడ గొంతు మారింది. "మీ ప్యాంటు వెనక జేబుకి ఉన్నది ఎక్కడిది?"

చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాను. రెండు నెలల నుంచి గుండీ లేని వెనక జేబుకి ఇప్పుడు గుండీ ఉంది. చల్లగా, ఎత్తుగా, కిరీటంతో ఉంది. పొద్దున్నుంచి నేను ఇంగ్లీషు రాణిగారి కిరీటం మీద కూర్చుంటూ లేస్తూ తిరిగాను.

ఇది ఇక్కడి మట్టిలోంచి తీసి దాచుకున్నానని ఆవిడ అనుకుంటే, నా పేరు చీటీ మీదకి కాదు, పోలీసు కాగితం మీదకి ఎక్కుతుంది. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది.

బెట్సీ వచ్చి సంచిలోంచి దుకాణం రసీదు తీసి హీథర్‌కి ఇచ్చింది. "మా ఆయన ముచ్చటపడి కొనుక్కున్నారు. నిన్న ప్యాంటు ఉతుకుదామని చూస్తే జేబులో ఉంది, రసీదుతో సహా. వెనక జేబుకి గుండీ కుట్టమని రెండు నెలలుగా పోరుతున్నారు కదా, కుట్టేశాను."

హీథర్ రసీదు చదివి, గుండీని పరీక్షించి, నన్ను పరీక్షించింది. తర్వాత నవ్వింది. నేను మాత్రం బెట్సీ మొహంలోకి చూశాను. ఆవిడకి అంతా తెలుసు. చిన్నగా తెలుగులో అంది:

"గాయాలకి వేసే ముడి వేశాను, రెండు పేటలు. మీరు పళ్లతో లాగినా రాదు. అబద్ధం పక్కన మీ పేరు రాస్తే అది నా పేరు కూడానండీ."

సిగ్గుతో మేజోళ్ల మీద నిలబడిపోయాను. మిషను ఆవిడే తీసుకుంది. గంబూట్లు వేసుకున్నది ఆవిడే కదా.

"వాళ్ల గుడారాలు ఎక్కడ?" అని హీథర్‌ని అడిగింది.

"ఇక్కడే, ఈ చదునులో. అదిగో ఆ వైపు కవాతు చేసేవారు."

"మరి బట్టలు ఎక్కడ ఉతుక్కునేవారు?"

హీథర్ పెన్ను ఆగిపోయింది. బెట్సీ పొలం చివర వాగు దగ్గరికి నడిచింది. అక్కడ నీళ్ల ఒడ్డున బల్లపరుపుగా ఒక బండ ఉంది.

"మా అమ్మమ్మ ఊళ్లో అందరం బండ మీదే ఉతికేవాళ్లం," అంది. "గుండీ ఊడేది కవాతులో కాదు, బండ మీద బాదినప్పుడు. ఉతకనివాళ్లకి ఆ సంగతి తెలియదు."

ఆ ఆఖరి మాటప్పుడు నా వైపు చూసింది.

మిషను బండ పక్కన కుయ్యిమంది. జెండా. ఇంకో చోట. జెండా. మూడు జెండాలు, అంతే. హీథర్ మోకాళ్ల మీద కూర్చుని మట్టి తీస్తే, ఆకుపచ్చ చిలుము పట్టిన ఇత్తడి గుండీ బయటపడింది. తర్వాత రెండోది. మూడోదానికి కుట్టు వేసే కన్ను విరిగి ఉంది, అచ్చం నా చొక్కాలవాటిలాగే. రసెల్ టోపీ తీసేశాడు. హీథర్ బెట్సీని కావలించుకుంది. నేను మేజోళ్లతో వాగులోకి దిగి చప్పట్లు కొట్టాను. ఆవిడ గెలిచినందుకు నాకు ఏడుపొచ్చింది. అది ఓడిపోయిన ఏడుపు కాదు, ఒట్టు.

రెండు నెలల తర్వాత మ్యూజియంకి వెళ్లాం. అద్దాల పెట్టెలో మూడు గుండీలు, పక్కన తెల్ల చీటీ. కనుగొన్నవారు: బెట్సీ ఎలియాస్.

నేను రెండో మాట దగ్గరే ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివినా అది నా పేరే. సోమవారం టీ టైములో రసెల్ కుర్చీ లాగి నన్ను తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"ఆ చీటీ మీద ఎలియాస్ నువ్వేనా?"

"కాదు, మా ఆవిడ. నేను వాళ్లాయన్ని."

ఆ రోజు నుంచి ఆ బల్ల మీద నా పులిహోర డబ్బా నిండుగా ఇంటికి రాలేదు. శనివారం ఉతుకుడు మాత్రం ఇప్పటికీ నాదే. గుండీలు కుట్టేది నేనే, ఆ ముడితోనే. ఆ ప్యాంటు ఎప్పుడో చిరిగిపోయింది గానీ ఆవిడ కుట్టిన గుండీ ఇవాళ్టికీ ఊడలేదు. ఇరవై ఏడు జెండాలూ హీథర్ నాకే జ్ఞాపకంగా...

"ముప్పై ఒకటండీ," అని వంటింట్లోంచి వినపడింది. "వాళ్లకి గారెలు ఇంకా కావాలేమో అడగండి."