తంజియా కూజా, రెండు రేకులు

ఆ ఉదయం సీ జిలాలి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మర్రాకేష్‌లో బయలుదేరి, కొండ దాటి, మధ్యాహ్నం భోజనం వేళకు వర్జాజాత్‌లో మరదలి ఇంటికి చేరాలి. అక్కడ పసిపిల్లకు పేరు పెట్టే ఏడో రోజు విందు. అసలు కోరిక మాత్రం వేరు. భార్య మహ్జూబా మోటార్‌సైకిల్ వెనక సీటు మీద చివరిదాకా కూర్చోవాలి. పోయినేడు చలికి మోకాళ్ళు బిగుసుకుపోయాయంటూ ఆవిడ సగం దారిలో దిగి బస్సెక్కేసింది. ఈసారి కూడా దిగితే ఇక జన్మలో ఎక్కనని ముందే చెప్పేసింది. వెనక ఆవిడ లేకుండా అంత పెద్ద బండి నడపడమంటే ఆయనకు ఏడుపొచ్చేది.

అందుకని ముందు ఎత్తైన గాలి అద్దం బిగించాడు. ఇంజనుకు అటూ ఇటూ, కాళ్ళకు అడ్డంగా రెండు పెద్ద రేకులు కొట్టించాడు. గాలి చొరబడితే తన పేరు మార్చుకుంటానన్నాడు రేకులు కొట్టిన ఎంబారెక్. నిజమే, చొరబడలేదు. ఇంజనును చల్లార్చవలసిన గాలి కూడా చొరబడలేదు.

పక్క పెట్టెలో తంజియా కూజా ఉంది. రాత్రంతా వీధిలోని హమ్మాం, అంటే స్నానశాల, పొయ్యి బూడిదలో మగ్గిన మాంసం. తంజియా మగవాళ్ళు వండే వంట. దాన్ని ఒలకబోసుకున్న మర్రాకేష్ మగాడు మళ్ళీ వీధిలో తలెత్తుకోలేడు. అందుకే మూతికి కట్టిన కాగితం చిరగకుండా, బండిని గాడిద నడకన పోనిచ్చాడు.

కొండెక్కినంతసేపూ రాజభోగమే. పైన చలిగాలి అద్దానికి కొట్టుకుని పక్కకు పోయింది. ఎలా ఉందని అడిగితే, హాయిగా ఉందంది మహ్జూబా. ఆ ఒక్క మాటకే ఆయనకు పదేళ్ళు తగ్గినట్టయింది.

దిగుడు మొదలయ్యాక ఎండ ముదిరింది. గాలి వెనకనుంచి వీచసాగింది. రేకుల మధ్య ఇంజను కుంపటైంది. పిక్కలు చురచుర కాలుతున్నా, నోరు విప్పితే ఆవిడ ఎదురొచ్చిన బస్సెక్కేస్తుందని భయం. పళ్ళు బిగించి, కాళ్ళు రెండూ బార్లా బయటికి చాపాడు.

అది చూసిన టీకొట్టువాడు, బ్రేకులు పోయి పాపం కాళ్ళతో ఆపుకుంటున్నాడనుకుని కింది ఊళ్ళో బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది దారిలోంచి గొర్రెల్ని తోలించి, ఆ కింది ఊరికి ఫోన్ చేశాడు. కబురు మూడో ఊరు చేరేసరికి వెనకున్న ఆవిడ భయంతో సొమ్మసిల్లిపోయిందట. ఆవిడేమో తీరిగ్గా గుమ్మడి గింజలు నములుతోంది. దారిపొడవునా జనం చేతులెత్తి దువా చేస్తుంటే, మొగుడికి ఇంత పలుకుబడి ఉందా అని మురిసిపోయి తనూ చెయ్యి ఊపింది.

చివరికి చౌకీ వచ్చింది. పోలీసులు రోడ్డుకడ్డంగా గడ్డిమోపులు పేర్చి, నీళ్ళ బకెట్లు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. జిలాలి మెల్లగా వచ్చి, 'ఆగుము' బోర్డు దగ్గర పద్ధతిగా ఆగి, సలాం చెప్పాడు.

"బ్రేకులు లేవన్నారు గదా, హాజీ!" అన్నాడు అధికారి.

"దివ్యంగా ఉన్నాయి నాయనా."

"మరి ఆ కాళ్ళేమిటి?"

జిలాలి భార్య వంక చూసి తల దించుకున్నాడు. ఆవిడ బండి దిగి, వంగి, ఆయన పంట్లాం పైకి లాగింది. పిక్కలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పోలీసు చేతిలోని బకెట్ లాక్కుని, నీళ్ళు మెల్లగా పోయసాగింది.

"నోట్లో నాలుక లేదూ? చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు బస్సెక్కేస్తావు."

మహ్జూబా బకెట్ కింద పెట్టింది. "పోయినసారి నేను దిగింది చలికి కాదయ్యా. నీ దూకుడుకి. బండిని చూసుకుని అంత సంబరపడేవాడితో భయమేస్తోందని ఎలా చెప్పను? మోకాళ్ళ మీదికి నెట్టేశాను. ఇవాళ్టిలా నడిపితే ఎడారి అంచుదాకా వస్తా."

అది కూజా కోసమన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన దాన్ని నమిలి మింగేశాడు.

రేకులు విప్పి చౌకీలోనే వదిలేశారు. ఇల్లు చేరేసరికి మూడైంది, బంధువులంతా తిని లేచారు. దారంతా ఇంజను సెగ తగిలిన తంజియా మాత్రం అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు పొగలు కక్కింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్ళినా పక్క పెట్టెలో కూజా ఉంటుంది, మూతికి కాగితం కట్టి. చాలాసార్లు అందులో ఏమీ ఉండదు.